వానకు కన్వేయర్ బెల్ట్ జారుతోంది, స్క్రూ ఎంత బిగించాలి?

చీమకుర్తి క్రషర్: 800 ఎంఎం బెల్ట్, 630/4 రకం (మిల్లీమీటరు వెడల్పుకు 630 న్యూటన్ల బలం, నాలుగు పొరలు). మోటారు 22 కిలోవాట్లు, వేగం సెకనుకు 1.6 మీటర్లు, తోక వైపు స్క్రూ టేకప్ (బెల్ట్‌ను బిగించే ఏర్పాటు). వాన పడితే చాలు, హెడ్ పుల్లీ (మోటారు తిప్పేది) మీద జారుతోంది. ఇంకెంత బిగించొచ్చు? లెక్క తెలిసినవాళ్లు చెప్పండన్నా.

ముత్తుకూరు ఫిట్టర్: స్క్రూ ముట్టుకోకు తమ్ముడూ. పోయినేడు మేమూ ఇలాగే బిగించుకుంటూ పోయాం. వారం తిరక్కుండా తోక పుల్లీ బేరింగ్ పోయింది, జాయింట్ విడిపోయింది. తీరా చూస్తే హెడ్ పుల్లీ లాగింగ్ (పట్టు కోసం పుల్లీకి అంటించే రబ్బరు) గాజులా నున్నగా ఉంది. దాని మీది గాడులు అరిగి ఆనవాలు కూడా లేవు. ముందు అది చూడు.

నెల్లూరు డిజైన్: మోటారు పూర్తి బలానికి 22000 వాట్లను 1.6తో భాగిస్తే లాగే బలం 13750 న్యూటన్లు. పుల్లీకి బెల్ట్ చుట్టు 180 డిగ్రీలు, లాగింగ్ బాగుంటే స్క్రూ టేకప్‌కు గుణకం 0.8. 13750ని దాంతో గుణిస్తే వదులు వైపు 11000, రెండూ కలిపితే బిగువు వైపు 24750. వెడల్పుతో భాగిస్తే మిల్లీమీటరుకు 31. మీ బెల్ట్ 630లో పదో వంతు, అంటే 63 దాకా ఓర్చుకుంటుంది. లాగింగ్ లేకపోతే గుణకం 1.2, వదులు వైపే 16500 కావాలి.

కృష్ణపట్నం బొగ్గు లైను: 0.8 ఎక్కడిది? 0.5 కదా! ఇరవై ఆరేళ్లుగా బెల్టులే నా బతుకు.

నెల్లూరు డిజైన్: 0.5 గ్రావిటీ టేకప్‌కు సార్. బరువు వేలాడుతుంటే బెల్ట్ సాగినా టెన్షన్ తగ్గదు. స్క్రూ అయితే సాగిన కొద్దీ వదులవుతుంది, అందుకే ముందే ఎక్కువ పెట్టాలి.

కృష్ణపట్నం బొగ్గు లైను: పుస్తకాలు చూసి మాకు నేర్పకండి. వదులు వైపు ఎంత టెన్షనో అంతే బరువు కడతాం, మాది ఎన్నడూ జారలేదు.

ముత్తుకూరు ఫిట్టర్: అంతే బరువా? టేకప్ పుల్లీని బెల్ట్ రెండు వైపులా మోస్తుంది కదా, రెట్టింపు కావాలి. ఆ 13750కి 0.5 లెక్కన వదులు వైపు 6875 న్యూటన్లు కావాలంటే సుమారు 1400 కిలోలు. తెలియకపోతే అడగాలి, కసరకూడదు.

కృష్ణపట్నం బొగ్గు లైను: మా పుల్లీ, ఫ్రేమే చాలా బరువు, అది నేను కలపలేదు. రెట్టింపు మాట నిజమే. నువ్వు మాట్లాడే తీరు మాత్రం బాగాలేదు.

కందుకూరు: జారినప్పుడల్లా పుల్లీ మీద రాతిపొడి చల్లించేవాళ్లు మా దగ్గర. ఒక కుర్రాడి చెయ్యి బెల్ట్‌కీ పుల్లీకీ మధ్య పడి నలిగిపోయింది. బెల్ట్ తిరుగుతుండగా దయచేసి ఎవరినీ దగ్గరికి పంపకండి. పుల్ కార్డ్ (లాగితే బెల్ట్ ఆగిపోయే తాడు) పనిచేస్తోందా మీకు?

చీమకుర్తి క్రషర్: చేస్తోందన్నా. పొద్దున కరెంటు తీసి, గార్డ్ విప్పి చూశాం. లాగింగ్ మధ్యలో అరచేయంత ఊడిపోయి ఇనుము మెరుస్తోంది. ఈ వానల్లో కోల్డ్ బాండింగ్ (వేడి లేకుండా జిగురుతో రబ్బరు అంటించడం) పట్టుద్దా?

ముత్తుకూరు ఫిట్టర్: తడి మీద పట్టదు. పుల్లీ విప్పి షెడ్డులోకి తెచ్చి, తుప్పు గ్రైండ్ చేసి, పూర్తిగా ఆరాకే అంటించు.