మోడల్ కారు క్రోమ్ పెయింట్ మీద క్లియర్ (రంగులేని రక్షణ పొర) కొడితే మెరుపు పోతాంది, కొట్టకపోతే వేలికి అంటుకుంటాంది. ఏం చేయాల?

కడప_కిట్లు:
అన్నలకు నమస్తే. 1/24 స్కేల్‌లో పాత అమెరికన్ కారు ప్లాస్టిక్ మోడల్ కడతాండా, ముందు బంపరు, వెనక బంపరు, గ్రిల్లు, హెడ్‌లైట్ రింగులు అన్నీ క్రోమే. కిట్‌తో వచ్చిన క్రోమ్ ముక్కలు బానే ఉండాయి గానీ ఫ్రేమ్ నుంచి కోసిన చోట ప్లాస్టిక్ కనపడతాది, బంపరు నడిమధ్యన మోల్డ్ గీత కూడా ఉంది, అందుకని అదంతా తీసేసి కొత్తగా వేద్దామని. ముందు ప్లాస్టిక్ స్పూన్ల మీద లిక్విడ్ క్రోమ్ పెయింట్ ఎయిర్‌బ్రష్‌తో (చిన్న పెయింట్ గన్నుతో) కొట్టి చూస్తాండా. కొట్టిన వెంటనే మొకం కనపడేంత బాగా వస్తాంది. ఆరిన తర్వాత కూడా వేలు పెడితే బూడిద రంగు మచ్చ పడతాంది. క్లియర్ కొడితేనేమో మామూలు సిల్వర్ పెయింట్ అయిపోతాంది. ఇంట్లో పిల్లోళ్ళు ఉండారు, ఎంత చెప్పినా ఎప్పుడో ఒకసారి చెయ్యి పెడతారు. మెరుపూ ఉండాల, గట్టిగానూ ఉండాల, దారి ఉందా? దీని తర్వాత 1/48 మిగ్-21 యుద్ధవిమానం బేర్ మెటల్‌లో, అంటే రంగు వేయని లోహం మాదిరి, కట్టాలని ఉంది, దానికీ ఇదే పద్ధతా?

తుంగభద్ర_గట్టు (కర్నూలు):
తమ్ముడూ, ముందు అట్ల ఏంటికి అవుతాదో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. క్రోమ్ పెయింట్‌లో ఉండేది చాలా సన్నని అల్యూమినియం రేకులు. అవి పైకి తేలి పక్కపక్కన చదునుగా పరుచుకుంటేనే అద్దం మెరుపు వస్తాది. అట్ల పరుచుకోవాలంటే పట్టి ఉంచే జిగురు, అంటే బైండర్, చాలా తక్కువ ఉండాల. బైండర్ తక్కువ కాబట్టే వేలికి వస్తాంది. పైన క్లియర్ కొడితే అందులో ఉండే సాల్వెంట్, అంటే పెయింట్‌ను కరిగించే ద్రవం, కింద పొరను మళ్ళీ తడిపి రేకులను కదిలిస్తాది, అవి అడ్డదిడ్డంగా తిరిగిపోతాయి, మెరుపు పోతాది. అంటే మెరుపు ఎందుకు వస్తాందో గట్టిదనం కూడా అందుకే పోతాంది, ఒకే డబ్బాలో రెండూ పూర్తిగా దొరకవు.

ఏ భాగాన్ని చెయ్యి తాకుతాదో చూసుకొని ఒక్కో భాగానికి ఒక్కో పద్ధతి పెట్టుకోవాల, నేనైతే అట్లే చేస్తా. గ్రిల్లు లోపల, హెడ్‌లైట్ గిన్నెల్లో ఎవరూ వేలు పెట్టరు, అక్కడ లిక్విడ్ క్రోమ్ క్లియర్ లేకుండా వదిలేయ్. బంపరుకు ఆల్‌క్లాడ్ కంపెనీది లాంటి లాకర్ (ఘాటు సాల్వెంట్‌తో త్వరగా ఆరే పెయింట్) క్రోమ్ మేలు. లిక్విడ్ క్రోమ్ మీదే క్లియర్ కొట్టక తప్పదంటే రోజుల తరబడి ఆరనియ్యాల, ఒక వారం ఆగినా తప్పులేదు, ఆ తర్వాత లాకర్ క్లియర్ కాకుండా నీళ్ళ ఆధారిత క్లియర్ మంచు పడినంత పల్చగా కొట్టు. అప్పుడూ కొంచెం మెరుపు తగ్గుతాది, కాకపోతే పూర్తిగా చావదు.

ఇంకొకటి, క్రోమ్ కంటే కింద వేసే గ్లాసీ బ్లాక్, అంటే నిగనిగలాడే నలుపు పొర, ముఖ్యం. నలుపు మీద ఒక్క దుమ్ము రేణువు ఉన్నా పైన పదింతలు కనపడతాది. నలుపు పూర్తిగా గట్టిపడాల, వాసన వస్తాందంటే ఇంకా ఆరలేదని లెక్క. అవసరమైతే 2000 నంబరు శాండ్ పేపరుతో తడిగా రుద్ది పాలిష్ కాంపౌండ్‌తో మెరుగు పెట్టి, సబ్బునీళ్ళతో కడిగి, ఆ తర్వాతే క్రోమ్ కొట్టు. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎన్‌సీ థిన్నర్ మాత్రం మోడల్ ప్లాస్టిక్ మీదకు రానియ్యద్దు, ఆ ప్లాస్టిక్ అయిన పాలీస్టైరీన్‌ను కరిగిస్తాది.

అనంత_గాలి:
కర్నూలన్న చెప్పింది కరెక్టే, నేను కొట్టే విధానం మాత్రమే చెప్తా. లాకర్ క్రోమ్‌కు 12 నుంచి 15 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి చాలు, గన్ను దగ్గరగా పెట్టి పల్చ పల్చగా పొగ పట్టినట్టు కొట్టాల, నలుపు పోయి క్రోమ్ అయిన క్షణమే ఆపేయాల. ఇంకొక్క పొర అనుకున్నారా, బూడిద రంగుకు తిరుగుతాది, అక్కడే చానామంది చెడగొట్టుకుంటారు.

మన సీమలో ఎండాకాలం 40 డిగ్రీలు దాటినప్పుడు లాకర్ గాల్లోనే ఆరిపోయి ముక్క మీద గరుకుగా పడతాది. కాబట్టి నలుపు కొట్టేటప్పుడు రిటార్డర్ (ఆరేదాన్ని నెమ్మది చేసేది) కలిసిన లెవలింగ్ థిన్నర్ వాడండి, తెల్లవారుజామున కొట్టండి. పైగా మా అనంతపురం పక్క గాలికి దుమ్ము ఎక్కువ, నేను గదిలో నేల తడిబట్టతో తుడిచి, ఫ్యాను ఆపి, కొట్టిన ముక్కను వెంటనే మూత ఉన్న డబ్బాలో పెట్టేస్తా. వానాకాలం ముసురు పట్టినప్పుడు అస్సలు లాకర్ ముట్టుకోవద్దు, తెల్లగా పాలిపోతాది.

ఇంకో సంగతి, బంపరుకు వెనకవైపు పిన్ను పెట్టి పట్టుకోండి, అతికించేది అన్నిటికంటే చివర, అదీ గ్లవ్స్ వేసుకొని. పెయింట్లు ముందే తెప్పించుకోండి, మండే సరుకు కాబట్టి విమానంలో పంపరు, రోడ్డు మీదే వస్తాయి, ఆలస్యమవుతాది.

కడప_కిట్లు:
థాంక్స్ అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలా. రెండు డౌట్లు. కిట్ క్రోమ్ తీసేదానికి ఏం వాడాల? మా వీధిలో కార్ల పెయింటర్ ఉండాడు, ఆయన దగ్గర 2కే క్లియర్ (రెండు భాగాలు కలిపి కొట్టేది) ఉంది, అది కొట్టిస్తే రాయి మాదిరి గట్టిపడతాదంట, నిజమేనా?

అనంత_గాలి:
2కే గట్టిగా ఉండేది నిజమే, హార్డెనర్ కలిపితే రసాయనికంగా గట్టిపడతాది, క్రోమ్‌ను కూడా మామూలు లాకర్ క్లియర్ కంటే తక్కువ చెడగొడతాది. అయితే ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఊపిరితిత్తులకు చానా చెడ్డది, ఒకసారి ఒంటికి పడకుండా అయితే ఆస్తమా జీవితాంతం ఉండిపోవచ్చు. గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు దాన్ని ఆపలేవు. పిల్లోళ్ళు ఉండే ఇంట్లో దయచేసి కొట్టద్దు. పెయింటర్ దగ్గరే, ఆయన బూత్‌లోనే కొట్టించు, ముందు స్పూన్ మీద చూపించమను. వాళ్ళ గన్ను కారు డోర్లకు పెట్టింది, చిన్న బంపరు మీద గీతలన్నీ పూడిపోయేంత మందంగా పడే ప్రమాదం ఉంది.

ప్రొద్దుటూరు_మెరుగు:
కిట్ క్రోమ్ అంటే వాక్యూమ్‌లో అల్యూమినియంను ఆవిరి చేసి ముక్క మీద పట్టించింది, మైక్రాన్ మందం కూడా ఉండదు. బట్టల బ్లీచ్‌లో ముంచితే చూస్తుండగానే పోతాది. కింద పసుపు రంగు లాకర్ పొర ఒకటి మిగులుతాది, అది వేరేగా తీయాల. గ్లవ్స్ వేసుకో, కిటికీ తెరిచి పెట్టు. బ్లీచ్‌లో బాత్రూం యాసిడ్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కలవకూడదు, క్లోరిన్ గ్యాస్ వస్తాది.

అసలు నన్నడిగితే ఆ క్రోమ్ తీయాల్సిన పని కూడా లేదు. కోసిన మచ్చలు, గీత ఉన్న చోట సాపు చేసి బేర్ మెటల్ ఫాయిల్ అతికించు. వెనక జిగురు ఉన్న చాలా సన్నని లోహపు రేకు అది, కిటికీ అంచులకు, పక్క పట్టీలకు దాన్ని మించింది నాకు కనపడలా. మాది బంగారం పని చేసే ఇల్లు, రేకును మెరుగు పెట్టేది చిన్నప్పటి నుంచి చూస్తాండా, ఇక్కడా అంతే, దూది పుల్లతో మధ్య నుంచి అంచులకు మెల్లగా రుద్దుకుంటా పోతే గీతల్లోకి దిగుతాది, కొత్త బ్లేడుతో అంచు కోయాల, మొండి బ్లేడు అయితే చినుగుతాది. పెయింట్ కాదు కాబట్టి వేలికి రాదు, మచ్చ పడితే మెత్తటి గుడ్డతో తుడిచేయచ్చు. రెండు వైపులా వంపు తిరిగిన బంపరు మూలల్లో మాత్రం ముడతలు వస్తాయి, అక్కడ కర్నూలన్న చెప్పిన లాకర్ క్రోమే.

తుంగభద్ర_గట్టు (కర్నూలు):
మిగ్ సంగతి ఎవరూ చెప్పలేదు కదా. దానికి క్రోమ్ వద్దు తమ్ముడూ, వాడుకలో ఉన్న విమానం అద్దం మాదిరి మెరవదు. అల్యూమినియం, డ్యూరాల్యూమినియం షేడ్లు వాడు, మిస్టర్ కలర్ సూపర్ ఫైన్ సిల్వర్ కూడా బాగుంటాది. వీటిలో బైండర్ ఎక్కువ కాబట్టి బాగా ఆరిన తర్వాత మాస్కింగ్ టేపుకు లేచి రావు, డెకాల్స్ (గుర్తుల స్టిక్కర్లు) మీద పల్చగా కొట్టే క్లియర్‌ను కూడా తట్టుకుంటాయి. టేపును ముందు అరచేతికి ఒకసారి అంటించి తీసి అప్పుడు వాడు, బంక తగ్గుతాది. ఒక్కో ప్యానెల్‌కు కొంచెం కొంచెం షేడ్ మార్చు, వెనక ఇంజన్ నాజిల్ చుట్టూ వేడికి మాడిన రంగు రావాల, అక్కడ పెన్సిల్ ములుకు పొడి గుడ్డతో రుద్దినా సరిపోతాది. ముందు ముక్కు కోను మాత్రం లోహం కాదు, లోపల రాడార్ ఉంటాది, దానికి సిల్వర్ తగలకుండా మాస్క్ చేసుకో.