రెటారిక్‌ని ‘అలంకారశాస్త్రం’ అనొచ్చా?

మా చదువరుల బృందం కోసం ప్లేటో ‘గోర్గియాస్’ సంభాషణను తెలుగు చేస్తూ మొదటి పేజీల్లోనే ఆగిపోయాను. అడ్డం పడ్డది ఒక్క మాట: రెటారిక్, అంటే మాటతో జనాన్ని ఒప్పించే నేర్పు. నిఘంటువు ‘అలంకారశాస్త్రం’ అంటోంది. అది పెట్టి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. మన అలంకారశాస్త్రం కావ్యానిది. ఉపమ, ఉత్ప్రేక్ష, రసం, ధ్వని దాని లోకం. గ్రీకుల రెటారిక్ పుట్టిందేమో భూమి తగాదాల్లో అంటారు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో సిసిలీలోని సైరక్యూస్‌లో నిరంకుశుల పాలన పోయాక, వాళ్లు లాక్కున్న పొలాల కోసం జనం కోర్టుకెక్కారట. ఎవరి కేసు వాళ్లే చెప్పుకోవాలి. అప్పుడు కోరక్స్, టిసియాస్ అనే ఇద్దరు వాదించే పద్ధతి నేర్పారని కథ.

అదే సిసిలీ నుంచి ప్రసంగాల గురువు గోర్గియాస్ క్రీ.పూ. 427లో రాయబారిగా ఏథెన్స్ వచ్చాడు. మాట గొప్ప ప్రభువనీ, కంటికి ఆననంత చిన్న ఒంటితో దేవతల పనులు చేస్తుందనీ అన్నాడు. మందు ఒంటి మీద పనిచేసినట్టే మాట మనసు మీద పనిచేస్తుందనీ అన్నాడు. ప్లేటోకి మండింది ఇలాంటి మాటలకే. సంభాషణలో అతను మాట్లాడించే అతని గురువు సోక్రటీస్, ఇది అసలు విద్యే కాదు, అలవాటు మీద అబ్బిన ఒడుపు అంటాడు. వైద్యం పక్కన వంట ఎలాంటిదో న్యాయం పక్కన ఇది అలాంటిది. పిల్లలే తీర్పు చెప్పేవాళ్లయితే, చేదు మందిచ్చే వైద్యుడు వంటవాడి ముందు ఓడిపోక తప్పదు. (క్రీ.పూ. 399లో ఏథెన్స్ కోర్టు సోక్రటీస్‌కి మరణశిక్ష వేశాక ప్లేటో రాసిన మాటలివి. ఆ సంగతి గుర్తుపెట్టుకుని చదవండి.)

ఇంత గొడవ ఉన్న మాటకి ‘అలంకారం’ అని రాస్తే ఎలా? ఇంకేదైనా చెప్పండి.

వ్యాఖ్య: ప్లేటో తిట్టింది కూడా పైపై మెరుగుల్నే కదా. ‘అలంకారం’ సరిపోయినట్టే!

జవాబు: నేనూ అలాగే అనుకున్నాను. కానీ అతని లెక్కలో ముఖానికి రంగులు పూసే సింగారం సోఫిస్టుల (డబ్బు తీసుకుని చదువు చెప్పే గురువుల) విద్యకి జోడీ, రెటారిక్‌కి కాదు. రెటారిక్‌కి జోడీ వంట. ఆ లెక్కన ‘పాకశాస్త్రం’ అనాలి.

వ్యాఖ్య: ‘వాగ్మిత’ అనండి. అమరకోశంలో ‘వాచోయుక్తిపటుర్వాగ్మీ’ అని ఉంది. యుక్తితో మాట్లాడగలవాడు వాగ్మి. ‘యుక్తి’ ఉంది చూశారా, కోర్టులో పనికొచ్చేది అదే. ఇంకో తమాషా. పాణిని ఒక సూత్రంలో ‘వాగ్మి’ని సాధించి, వెంటనే తర్వాతి సూత్రంలో అతిగా మాట్లాడేవాడికి ‘వాచాలుడు’, ‘వాచాటుడు’ అనే రూపాలు సాధిస్తాడు. మూలపదం ‘వాక్’ ఒకటే, ప్రత్యయం మారితే గౌరవం పోయింది. ప్లేటో, గోర్గియాస్ జీవితమంతా కొట్టుకున్నది ఆ ప్రత్యయం కోసమే అనిపిస్తుంది నాకు.

వ్యాఖ్య: నన్నడిగితే ‘వితండవాదం’. టీవీ చర్చలు చూడట్లేదా?

జవాబు: ‘వితండ’ని మనం మొండివాదనకి వాడి అరగదీశాం. మన తర్కశాస్త్రపు మూలగ్రంథం న్యాయసూత్రాల్లో దానికి కచ్చితమైన అర్థం ఉంది. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలుపు కోసం ఎత్తులు కూడా వేసేది జల్పం. తన పక్షమంటూ నిలబెట్టకుండా అవతలి పక్షాన్ని పడగొట్టడమే పనిగా సాగేది వితండ. రెటారిక్ వీటిలో ఏదీ కాదు. ఇవి ఇద్దరి మధ్య జరిగే తర్కం. గోర్గియాస్ మాట్లాడేది సభతో. అయితే మనవాళ్లు జల్పవితండల్ని పూర్తిగా వెలివేయలేదు. మొలకల చుట్టూ ముళ్లకంప కట్టినట్టు, తేల్చుకున్న నిజాన్ని కాపాడుకోవడానికి అవి ఉండాలన్నారు. ‘గోర్గియాస్’లో ప్లేటో ఆ కంపని కూడా పీకెయ్యమంటాడు. తర్వాత ‘ఫీడ్రస్’ అనే సంభాషణలో కొంచెం మెత్తబడి, మనసుల తీరు తెలిసినవాడు మాట్లాడితే అది విద్యే అని ఒప్పుకుంటాడు. అతని శిష్యుడు అరిస్టాటిల్ అయితే తన ‘రెటారిక్’ పుస్తకం మొదటి వాక్యంలోనే రెటారిక్‌ని తర్కచర్చకి జోడీగా కూర్చోబెట్టాడు.

‘వాగ్మిత’ నచ్చింది. కానీ అది మనిషి గుణంలా వినిపిస్తోంది, నేర్పే చదువులా లేదు. ‘వాగ్విద్య’ అని పెడుతున్నాను. విద్యా కాదా అనేదే గొడవ కాబట్టి, సోక్రటీస్ ‘వాగ్విద్య విద్య కాదు’ అన్నప్పుడు తెలుగులోనూ చురుక్కుమంటుంది.

వ్యాఖ్య: బాగుంది. మరి ప్లేటో కాలంవాడే అయిన ఇసోక్రటీస్ దగ్గరికి వస్తే? అతను ప్రసంగవిద్యే నేర్పుతూ దాన్ని ‘ఫిలాసఫియా’ అన్నాడు. ప్లేటో అకాడమీకి కొద్ది ఏళ్ల ముందే బడి పెట్టాడు కూడా. అక్కడ ‘తత్త్వశాస్త్రం’ అని రాస్తారా?

జవాబు: ముందుమాటలో అతని ప్రస్తావన వచ్చిన చోట రాశాను, కొట్టేశాను. ఇప్పటికి ‘ఫిలాసఫియా’ అనే ఉంచి పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నాను. ఆదివారం బృందంలో అడుగుతాను.