ఫస్ట్ హార్న్ కుర్చీ ఎవరికి: సీనియర్‌కా, బాగా వాయించేవాళ్లకా?

బరంపురం బాజా
మాది బరంపురంలో ఆదివారాలు కలిసి వాయించుకునే బ్యాండు. బ్యాంకు ఉద్యోగులు, కాలేజీ పిల్లలు, మిలిటరీ బ్యాండులో చేసి రిటైరైనవాళ్లు ఉన్నాం. ఎవరికీ పైసా రాదు. ఫ్రెంచ్ హార్న్‌లు, అంటే గుండ్రంగా చుట్టిన ఇత్తడి బాకాలు, నాలుగున్నాయి. ఫస్ట్ కుర్చీ మొదట్నుంచీ మా హవల్దారు గారిది. పచ్‌మఢీ మిలిటరీ సంగీత శిక్షణ కేంద్రంలో నేర్చుకున్న మనిషి. మాలో సగం మందికి మౌత్‌పీస్ పెదవులకు ఎలా ఆనించాలో చూపించింది ఆయనే. నాలుగో కుర్చీలో ఇంజనీరింగ్ చదివే అమ్మాయి ఉంది. పై స్వరాలు ఇప్పుడు ఆయనకంటే ఆ అమ్మాయికే శుభ్రంగా పలుకుతున్నాయి. ఇది అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

ఏప్రిల్ 1 ఉత్కళ దినోత్సవానికి, అంటే ఒడిశా ఏర్పడిన రోజుకి, ఒక మార్చ్ ట్యూన్ వాయిద్దామనుకున్నాం. మొదట్లో హార్న్ ఒక్కటే వినిపించే చోటు ఉంది. ప్రాక్టీసులో అక్కడే ఆయనకు స్వరం జారింది. మళ్లీ ఎత్తుకున్నారు, మళ్లీ జారింది. అమ్మాయి తల వంచుకుని, తన హార్న్‌ను తిప్పి తిప్పి లోపలి నీళ్లు దులుపుతూ కూర్చుంది. వాళ్ల నాన్న మాత్రం వెనక నుంచి అందరికీ వినపడేలా అనేశాడు, "బాగా వాయించడం వచ్చినవాళ్లకి ఇవ్వొచ్చు కదా" అని. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. కుర్చీ మార్చాలా, వద్దా?

పర్లాకిమిడి పెద్దబ్బాయి
మార్చకూడదు. జీతాలిచ్చే ఆర్కెస్ట్రా అయితే వేరే లెక్క. ఊళ్లో నలుగురు కలిసి వాయించుకునేచోట నేర్పినాయన్ని లేపి పక్కన కూర్చోబెడితే రేపు ఎవరు నేర్పుతారు? రెండు స్వరాలు జారితే కొంపలేం మునగవు.

కోరాపుట్ కొండగాలి
పెద్దబ్బాయి గారూ, జారడం ఆయన తప్పు కాదు, ఆ వాయిద్యమే అంత. ఎఫ్ శ్రుతి హార్న్ గొట్టం చుట్లు విప్పితే దాదాపు 12 అడుగులు. అంత పొడవు గొట్టంలో పైకి వెళ్లేకొద్దీ స్వరాలు ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉంటాయి. పెదవి బిగింపు వెంట్రుకవాసి తేడా వస్తే పక్క స్వరం పలుకుతుంది. వయసు మీద పడ్డాక, అందులోనూ ముందు పళ్లు కదిలాక, ఆ బిగింపు నిలబెట్టడం కష్టం. ఎంత గొప్ప వాద్యగాడికైనా తప్పదు.

రెండో సంగతి. ఫస్ట్ నుంచి ఫోర్త్ దాకా అంకెలు మెట్లు కావు. వేళ్లతో నొక్కి స్వరం మార్చే వాల్వులు 1810లలో వచ్చాయి. అంతకుముందు గొట్టం ముక్కలు మార్చి శ్రుతి మార్చుకునేవారు, అందుకని హార్న్‌లు జతలుగా ఉండేవి. ఒక జత ఒక శ్రుతిలో, రెండో జత ఇంకో శ్రుతిలో. ప్రతి జతలో ఒకరు పైన, ఒకరు కింద. ఆ లెక్కనే ఈ రోజుకీ 1, 3 పై స్వరాలకు, 2, 4 కింది స్వరాలకు. నాలుగో కుర్చీ అంటే ఆఖరి బంతి అనుకునేవాళ్లు బీతోవెన్ తొమ్మిదో సింఫనీ నెమ్మది భాగం వినండి. 1824 నాటిది. అందులో హార్న్ సోలో నాలుగో హార్న్‌కే ఇచ్చాడాయన. ఆ అమ్మాయికి పై స్వరాలు బాగా పలికితే ఫోర్త్‌లో కూర్చోబెట్టడమే మొదటి పొరపాటు. కుర్చీకి మర్యాద లెక్క ఎందుకు? పని లెక్క చూడండి.

రాయగడ రాగం
"ఎవరి పని వారిది, ఏ కుర్చీ తక్కువ కాదు" అనే మాట ఫస్ట్ కుర్చీలో ఉన్నవాళ్ల నోటనే ఎక్కువ వింటాం, గమనించారా? పెళ్లి ఊరేగింపులో నోట్లు ఎవరి జేబులో పడతాయి? ముందు నిలబడి ట్రంపెట్ ఊదేవాడి జేబులో. వెనక బేస్ మోసేవాడి భుజం పుండైనా ఎవడూ చూడడు. ఎన్ని సిద్ధాంతాలు చెప్పినా ఊళ్లో మొదటి కుర్చీ మొదటి కుర్చీయే. ఆ అమ్మాయికి అది దక్కాల్సిందే.

గోపాల్‌పూర్ తీరం
తెర కట్టి పరీక్ష పెట్టండి, గొడవ వదిలిపోతుంది. అమెరికా ఆర్కెస్ట్రాలు 1970ల నుంచి చేస్తున్నదే. చెప్పుల చప్పుడుకి ఆడో మగో తెలియకూడదని కింద తివాచీ కూడా పరుస్తారు.

బరంపురం బాజా
మాస్టారూ, ఉన్నది నలుగురు. హవల్దారు గారు గొంతు సవరించుకోగానే వీధి చివరివాళ్లకి కూడా తెలిసిపోతుంది. తెర దేనికి?

గుణుపురం సెకండ్
నేను వేరే బ్యాండులో సెకండ్ హార్న్. మా బాధ కూడా వినండి. పైన ఫస్ట్ ఎంత ఊగినా కింద మేం కదలకూడదు, శ్రుతి మా మీదే ఆగుతుంది. బాగుంటే పేరు ఫస్ట్‌కి, తేడా వస్తే "సెకండ్ ఎక్కువైపోయింది" అంటారు. సరే, అసలు విషయం. ఫస్ట్ భారం పంచుకోడానికి పెద్ద ఆర్కెస్ట్రాల్లో అదనంగా ఒకరిని కూర్చోబెడతారు, బంపర్ అంటారు. గట్టిగా వాయించే చోట్ల అతను ఊదుతాడు, ఫస్ట్ పెదవులు సోలోకి మిగుల్చుకుంటాడు. మీకు ఐదో మనిషి లేరు కాబట్టి పాటను బట్టి కుర్చీ మార్చుకోండి. మార్చ్‌కి అమ్మాయి ఫస్ట్, హవల్దారు గారు థర్డ్. రెండో జతకు ఆయనే పెద్ద, పై స్వరాలు ఆయనకీ ఉంటాయి.

ఇంకోటి. హార్న్ బెల్, అంటే వెడల్పాటి మూతి, కుడిపక్కన, వెనక్కి తిరిగి ఉంటుంది. శబ్దం వెనక గోడకు తగిలి జనం దగ్గరికి రావాలి. ఏప్రిల్ 1న మైదానంలో వెనక షామియానా గుడ్డ కడితే మొత్తం అది మింగేస్తుంది. సోలో ఎవరిదైనా వినపడదు. ముందు రెండు ప్లైవుడ్ పలకలు చూసుకోండి.

పర్లాకిమిడి పెద్దబ్బాయి
థర్డ్ అంటే నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ మాట ఆయనకు వాళ్ల నాన్న కాదు, అమ్మాయే వెళ్లి చెప్పాలి, అదీ ప్రాక్టీసుకి ముందు, ఇంటికెళ్లి.

రాయగడ రాగం
ఎందుకు? కుర్చీలు వేసేది బ్యాండు పెద్దలు. బరువంతా ఆ పిల్ల నెత్తిన పెడతారేం? మీరే వెళ్లండి బాజా గారూ.

బరంపురం బాజా
వెళ్లాను. మార్చ్‌కి థర్డ్ కూర్చుంటానన్నారు, రాష్ట్ర గీతానికి మాత్రం ఫస్ట్ తనదేనన్నారు. అమ్మాయి సరేనంది. ప్లైవుడ్ కూడా దొరికింది. కానీ వాళ్ల నాన్న ఇప్పుడు కార్యక్రమం కాగితంలో పేర్లు ఏ వరుసలో వేస్తారని పట్టుకున్నాడు.

గోపాల్‌పూర్ తీరం
అక్షర క్రమంలో వేసేయండి. తెలుగులో వేస్తున్నారా, ఒడియాలోనా?

బరంపురం బాజా
రెండిట్లోనూ. రెండిట్లోనూ వరుస ఒకటే కదా మాస్టారూ. హవల్దారు గారి పేరు అకారంతో మొదలవుతుంది.