"హర పాపమపామార్గ": మొదటి పాదం సీతాలోష్టమా, శీతలోష్ణమా?

కృష్ణాతీరం:
నరక చతుర్దశి తలంటప్పుడు ఉత్తరేణి (సంస్కృతంలో అపామార్గం) కొమ్మ తల చుట్టూ తిప్పుతూ చదివే శ్లోకం గురించి. రెండో సగం గట్టిగానే గుర్తుంది: "హర పాపమపామార్గ భ్రామ్యమాణః పునః పునః". మొదటి సగంలో "...సమాయుక్త సకంటకదళాన్విత" వస్తుంది. దానికి ముందున్న నాలుగక్షరాల దగ్గరే పేచీ. మా అమ్మమ్మ "శీతలోష్ణ" అనేది. ఇంట్లో ఉన్న వ్రతాల పుస్తకంలో "సీతాలోష్ఠ" అని ఉంది. ఏది సరి? ఇంకో సందేహం, తిప్పేది ఉత్తరేణి ఒక్కటేనా? ఆనపతీగ (సొరతీగ) కూడా ఉండేదని మా పెద్దత్త అంటుంది, మిగతా అందరూ కాదంటున్నారు.

గణవిభజన:
ఛందస్సుతో తేలుతుందేమోనని చూశాను. తేలదు. అనుష్టుప్పు కాబట్టి ఎనిమిదక్షరాలు, అయిదోది లఘువు, ఆరోది గురువు. సీతాలోష్టసమాయుక్త, శీతలోష్ణసమాయుక్త రెండూ చక్కగా సరిపోతాయి. శీతల + ఉష్ణ, గుణసంధి, వ్యాకరణానికీ ఇబ్బంది లేదు. "శీతోష్ణ సమాయుక్త" అని చదివేవాళ్ళు మాత్రం ఒక అక్షరం మింగేస్తున్నారు. ఆ పాఠాన్ని పక్కన పెట్టేయవచ్చు.

పాతపుస్తకం:
ఇందులో చర్చించడానికేముందండీ, సీతాలోష్టమే. పండుగల ఆచారాలు చెప్పే ధర్మసింధువు తీసి చూడండి. సీత అంటే నాగేటి చాలు, జానకికి ఆ పేరు వచ్చిందీ అక్కడినుంచే. లోష్టం మట్టిబెడ్డ. దున్నిన చాల్లోంచి తీసిన బెడ్డతో, ముళ్ళతో, ఆకులతో ఉన్న ఓ అపామార్గమా, మళ్ళీ మళ్ళీ తిప్పబడుతూ నా పాపం హరించు అని అర్థం. మూడూ సంబోధనలే. పనిలో పనిగా, అది ఠ కాదు, ట. గీతలో "సమలోష్టాశ్మకాంచనః" చదవలేదా?

డాలస్ నుంచి:
మాస్టారు గీత ఎత్తారు కాబట్టి నా సిద్ధాంతం ఒకటి. ఆ సమలోష్టం ఆరో అధ్యాయం ఎనిమిదో శ్లోకం. దానికి సరిగ్గా ముందు శ్లోకంలో ఏముంది? "శీతోష్ణసుఖదుఃఖేషు". రెండూ పక్కపక్కన వల్లెవేసిన నోళ్ళు ఇవి. లోష్టం తెలియని మాట, ఉష్ణం రోజూ వాడే మాట. తెలియనిది జారిపోయి తెలిసినది వచ్చి కూర్చుంది. పైగా తలంటు నీళ్ళు వేడి, తెల్లవారుజామున చలి. అమ్మమ్మ పాఠానికి అర్థం కూడా కుదిరింది!

పాతపుస్తకం:
చమత్కారం బాగుంది. సిద్ధాంతం అనాలంటే ఆధారం కావాలి. మనవాళ్ళ ఉచ్చారణలో స, శ తేడా ఎప్పుడో పోయింది. అరిగిన అచ్చులో ష్ట, ష్ణ ఒక్కలాగే కనిపిస్తాయి. ఇంత చిన్న పనికి గీత దాకా వెళ్ళక్కర్లేదు.

ఆకులయ్య:
నేను ఆయుర్వేదం చదువుకున్నవాణ్ణి, మా వైపునుంచి ఒక మాట. ఉత్తరేణి కటు తిక్త రసాలు (కారం, చేదు), ఉష్ణవీర్యం, అంటే వేడిచేసే గుణం. దాన్ని కాల్చి తీసిన క్షారం ఎంత తీక్ష్ణమంటే, భగందరానికి (మలద్వారం పక్కన పడే నాళపు పుండు) వాడే క్షారసూత్రంలో, అంటే మందు పూసిన దారంలో, అదే ముఖ్యం. దారానికి మొత్తం 21 పూతలు: ఉత్త జెముడు పాలు 11, జెముడు పాలతో ఉత్తరేణి క్షారం 7, జెముడు పాలతో పసుపు 3. ఇలాంటి మొక్కని పట్టుకుని "శీతల" అని పిలవడం ఏ వైద్యుడూ ఒప్పుకోడు. నా ఓటు మట్టిబెడ్డకే.

ఓరుగల్లు కోడలు:
డాక్టరు గారూ, మీరు తెల్ల ఉత్తరేణి సంగతే చెప్పారు. ఎర్ర ఉత్తరేణి కూడా ఉంది కదా! భావప్రకాశమనే వైద్యగ్రంథంలో దాన్ని హిమం అన్నారు, అంటే చలవే. తెల్లది ఉష్ణం, ఎర్రది శీతలం, రెండూ కలిపి తిప్పితే శీతలోష్ణసమాయుక్తం. అమ్మమ్మలు ఊరికే అనరు.

ఆకులయ్య:
అమ్మా, ఇది మాత్రం నేను ఊహించలేదు. భావప్రకాశం అలా అన్న మాట నిజమే. కానీ శ్లోకంలో అపామార్గ అని ఏకవచనంలో పిలిచాడు. ఒక మొక్కే చల్లగానూ వేడిగానూ ఎలా ఉంటుంది?

ఓరుగల్లు కోడలు:
జాత్యేకవచనం. జాతి మొత్తాన్నీ ఒకటిగా పిలవడం.

గణవిభజన:
😀 వ్యాకరణం తెలిసినవాళ్ళతో వాదిస్తే ఇంతే.

పాలమూరు:
నేను పొలం చేసేవాణ్ణి. మా దిక్కు ఉత్తరేణి గట్ల మీద, దారుల పక్కన, పాడుబడిన దొడ్లలో మొలుస్తుంది. దున్నిన చాల్లో దాన్ని ఎవడు ఉండనిస్తాడు? వానాకాలం పోయాక పీకితే వేరుకు మన్ను పట్టుకునే వస్తుంది, అది నిజం. కానీ అది గట్టు మన్ను, నాగేటి చాలుది కాదు. ఇంకొక సంగతి. నూనె కారుతున్న తల చుట్టూ మట్టిబెడ్డ తిప్పితే, తలంటు ఎవరికి, ఎందుకు?

పాతపుస్తకం:
చాలులో మొలిచిందని శ్లోకం అనలేదండీ. చాలు నుంచి తెచ్చిన బెడ్డను కొమ్మతో కలిపి తిప్పమంది. నాగలి తగిలిన మట్టి మంగళకరం అనే నమ్మకం పాతది. మీ రెండో ప్రశ్నకు శాస్త్రంలో సమాధానం లేదు, కుంకుడురసం ఉంది.

మేనత్త:
అందరూ మొదటి పాదం పట్టుకు వేలాడుతున్నారు, నాకు రెండోదే అనుమానం. "సకంటకదళ" అంటే ముళ్ళున్న ఆకులు అనే కదా చెప్తారు? ఉత్తరేణి ఆకుకి ముల్లు ఎక్కడుంది? మెత్తగా, నూగుగా ఉంటుంది. పొడుగాటి కంకి మీద గింజల చుట్టూ ఉండేవే గుచ్చుకునేవి. చీర అంచు తగిలిందా, సాయంత్రం దాకా ఏరుకోవాలి. మరి ఈ కవి మొక్కని చూడకుండానే రాశాడా?

గణవిభజన:
విగ్రహం, అంటే సమాసం విడదీసే తీరు, మార్చండి, కవి బయటపడతాడు. కంటకాలతో కూడిన దళాలు అనకుండా, సకంటక అని ఒక సంబోధన, దళాన్విత అని ఇంకో సంబోధన. ముళ్ళు కలదానా, ఆకులు కలదానా. పాతపుస్తకం గారు పైన "ముళ్ళతో, ఆకులతో" అని విడదీసింది అందుకే అనుకుంటాను. వాళ్ళు చెప్పలేదు, నేను చెప్తున్నాను.

పాతపుస్తకం:
చెప్పక్కర్లేదనుకున్నాను.

అథర్వణం:
ఆ ముళ్ళ కంకిలోనే అసలు మంత్రమంతా ఉంది. కాయలు కిందికి, కాడ వైపుకి తిరిగి ఉంటాయి. ప్రత్యక్పుష్పి అన్న పేరు అందుకే. అథర్వవేదం ఏడో కాండలో "ప్రతీచీనఫలో హి త్వమపామార్గ రురోహిథ" అని మొదలుపెట్టి, నా మీది శాపాలను దూరంగా తరిమెయ్యమంటాడు. కాయ వెనక్కి తిరిగింది కాబట్టి, పెట్టిన శాపం కూడా వెనక్కి తిరగాలి. ఇదీ లెక్క. నాలుగో కాండలో 17, 18, 19 సూక్తాలు మూడూ దీనికే. చేతబడి చేసినవాడి మీదికే దాన్ని తిప్పికొట్టమని అడుగుతాయి. రాజసూయంలో అపామార్గహోమం ఉంది, రాక్షసులను తుడిచెయ్యడానికని శతపథ బ్రాహ్మణం చెప్తుంది. ఇప్పుడు చతుర్దశినాడు మనం చేసేది ఆ తుడిచే పనే, స్నానాలగదిలో.

డాలస్ నుంచి:
తుడవడం అన్నారు కాబట్టి, అప + మృజ్ కదా ధాతువు. మరి "అప" ఎందుకు "అపా" అయింది? అపమార్గం అంటే తప్పుదారి. ఆ గొడవ రాకూడదనే దీర్ఘం పెట్టారా?

గణవిభజన:
ఘఞంతం (ఘఞ్ అనే ప్రత్యయంతో ముగిసే మాట) ముందు ఉపసర్గకు దీర్ఘం వస్తుంది, నీహారం, ప్రాకారం లాగా. తప్పుదారికి దీనికి సంబంధం లేదు. వినాయక చవితికి "గుహాగ్రజాయ నమః అపమార్గపత్రం పూజయామి" అని చదివేవాళ్ళు మాత్రం ఏటా ఆయనకు తప్పుదారి ఆకు సమర్పిస్తున్నారు.

మేనత్త:
ఆ ఏడో పత్రి దగ్గర ఏ ఆకు పడుతున్నదో చూసేవాళ్ళెవరు? బజార్లో కట్టగా కొంటే అందులో సగం పిచ్చాకులే.

అథర్వణం:
ఆ నాలుగో కాండ సూక్తాల్లోనే ఇంకో మంత్రం: "క్షుధామారం తృష్ణామారం అగోతామనపత్యతామ్, అపామార్గ త్వయా వయం సర్వం తదపమృజ్మహే." ఆకలిచావు, దప్పికచావు, గోవులు లేకపోవడం, సంతానం లేకపోవడం, అన్నీ నీతో తుడిచేసుకుంటున్నాం. నాకు ఎప్పుడూ ఆ మొదటి మాట దగ్గరే ఆగిపోవాలనిపిస్తుంది. ఆకలినే ఎందుకు ముందు చెప్పాడు? ఉత్తరేణి గింజలు పాలల్లో వండుకు తింటే రోజులపాటు ఆకలి వెయ్యదని సాధువుల గురించి చెప్పుకుంటారు కదా, ఋషికి ఆ సంగతి తెలుసనే నా నమ్మకం.

ఆకులయ్య:
మీ నమ్మకానికి కొంత ఊతం: అతిగా ఆకలి వేసే భస్మకరోగంలో ఆ గింజల పాయసం చెప్తారు. చరకసంహిత సూత్రస్థానంలో రెండో అధ్యాయం పేరే అపామార్గతండులీయం. అయితే అక్కడ ఆ గింజలకు ముఖ్యమైన పని శిరోవిరేచనం, ముక్కుద్వారా తలలోని కఫం దింపడం. తండులం అన్నంతమాత్రాన అన్నం వండుకోమని కాదు. రోజుల తరబడి ఉపవాసం ఉండడానికి దీన్ని ఎవరూ ప్రయత్నించకండి.

ఓరుగల్లు కోడలు:
మంత్రసానులు కాన్పు కష్టమైతే ఉత్తరేణి వేరు నడుముకో, జుట్టుకో కట్టేవారు. బిడ్డ బయటపడ్డ క్షణమే తీసెయ్యాలి, లేకపోతే పేగులు కూడా జారతాయని భయపెట్టేవారు. ఆ వేరు కూడా ఎప్పుడు పడితే అప్పుడు తియ్యకూడదు, ఆదివారం పుష్యమి కలిసిన రోజునే తియ్యాలట. నొప్పులు పుష్యమి కోసం ఆగుతాయా అంటే, ముందే తీసి ఉట్టిలో దాచాలి అనేవారు. తేలు కుట్టినా అదే వేరు, పైనుంచి కిందికి నిమిరితే విషం దిగుతుందని.

ఆకులయ్య:
కట్టుకుంటే మంచీ చెడూ లేదు కానీ, గర్భిణులు దీన్ని కషాయంగా లోపలికి తీసుకోవడం ప్రమాదం. తేలు సంగతి కూడా, ఎర్రతేలు కుడితే గుండెకే ముప్పు రావచ్చు, ముఖ్యంగా పిల్లలకి. వేరుతో నిమురుతూ కూర్చోకుండా ఆసుపత్రికి పట్టుకెళ్ళాలి. పళ్ళు తోముకోవడానికి పుల్ల వాడండి, దానికి అడ్డులేదు.

పాలమూరు:
ఉత్తరేణి అన్న తెలుగు మాట సంగతి ఎవరూ ఎత్తలేదేమి? ఉత్తరం దిక్కుకు పారిన వేరే మందుకు పనికొస్తుందని మా తాత అనేవాడు. ఉత్తరపు వేరే ఉత్తరేణి అయిందని నా లెక్క.

డాలస్ నుంచి:
నేను "ఉత్తరించు" నుంచి అనుకున్నాను. రోగాన్ని నరికేది.

గణవిభజన:
కన్నడంలో ఉత్తరాణి. వాళ్ళు కూడా ఉత్తరపు వేరే తవ్వారా, వాళ్ళు కూడా ఉత్తరించారా? తమిళంలో నాయురువి, మరాఠీలో ఆఘాడా. మాట పుట్టుక ఇలా కూర్చుని తేల్చేది కాదు.

కృష్ణాతీరం:
అందరికీ ధన్యవాదాలండీ. ఆనపతీగ మాట ఎవరికైనా...

భాగవతప్రియ:
నరక చతుర్దశి అంటూ ఇంతసేపు పోతన గారిని ఎవరూ తలవలేదా! సత్యభామ యుద్ధం పద్యం, "పరుఁ జూచున్ వరుఁ జూచు నొంప నలరింపన్". ఎన్నిసార్లు చదివినా అదే పులకింత. ఇంతకీ అది "జూచున్ + ఒంపన్" అని ఒకాయన యూట్యూబులో విడగొట్టాడు, ఒంపులు తిరుగుతూ చూసిందట. నాకు ఒళ్ళు మండింది.

గణవిభజన:
మండాల్సిందే. నొంచు, నొంపన్, నొప్పించడానికి. క్రమాలంకారం అంతా దానిమీదే నిలబడింది: పరుణ్ణి (శత్రువును) నొంపన్, వరుణ్ణి (భర్తను) అలరింపన్. రోషం ఇటు, రాగం అటు. భ్రుకుటి ఇటు, మందహాసం అటు. వీరం ఇటు, శృంగారం అటు. ఒంపు పెడితే మొదటి జతే విరిగిపోతుంది. మత్తేభానికి ఏ లోటూ రాదు కాబట్టి చెవికి దొరకదు, అదే దీనిలో ప్రమాదం.

పాతపుస్తకం:
ఆ వేడిలో ఒకటి మరిచిపోతారు. పోతనలో నరకుడి తల తెంచేది కృష్ణుడి చక్రమే. సత్యభామ సేనను చెండాడుతుంది. ఆవిడే చంపిందని సినిమాలు చూసినవాళ్ళు చెప్తారు.

భాగవతప్రియ:
చక్రం ఎవరిదైతేనేం మాస్టారూ, ఆ ఘట్టంలో పద్యాలన్నీ ఆవిడవి!

అథర్వణం:
కృష్ణాతీరం గారూ, మీ పెద్దత్త గారు చెప్పింది సబబే. "అపామార్గమథో తుంబీం ప్రపున్నాటమథాపరమ్, భ్రామయేత్ స్నానమధ్యే తు నరకస్య క్షయాయ వై" అని ఇంకో శ్లోకం ఉంది. తుంబి అంటే ఆనపే. స్నానం మధ్యలో తిప్పాలి, ముందు కాదు. మూడోది ప్రపున్నాటం, అంటే తగిరిస.

మేనత్త:
తగిరిస ఎలా అవుతుంది? మేము తంటెం అంటాం.

పాలమూరు:
రెండూ ఒకటే కాదా? గజ్జికి ఆకు నూరి పూస్తారు, అదేనా?

మేనత్త:
తంటెం అంటే సన్నకాయది. మీరు చెప్పేది వెడల్పాటి కాయదేమో, ఫోటో పెట్టండి.