మోకాలి మార్పిడి తర్వాత బ్లాక్ పనిచేసిందో లేదో ఏ కొలతతో తేల్చాలి?

పీజీ_అనస్థీషియా:
థీసిస్ ట్రయల్ ప్లాన్ ఇది. అడక్టర్ కెనాల్ బ్లాక్‌లో (మోకాలి నొప్పి తగ్గడానికి తొడలో నరాల దగ్గర ఇచ్చే సూది) ఒక గుంపుకు 0.2 శాతం రోపివకైన్ (తిమ్మిరి మందు) 20 మి.లీ., రెండో గుంపుకు సెలైన్. గుంపుకు 30 మంది. అందరికీ స్పైనల్ (వెన్నులో ఇచ్చే మత్తు), అందులో 100 మైక్రోగ్రాముల మార్ఫిన్. వార్డులో మార్ఫిన్ పీసీఏ పంపు (నొప్పి వచ్చినప్పుడు రోగే బటన్ నొక్కి మందు తీసుకునేది). ప్రధాన ఫలితం, 24వ గంటలో కదలకుండా ఉన్నప్పుడు 0–10 నొప్పి స్కోరు. పైలట్‌లో రెండు గుంపులకూ ఇంచుమించు ఒకే స్కోరు వస్తోంది. లోపం బ్లాక్‌లో ఉందా, డిజైన్‌లోనా?

బ్లాక్_రూమ్:
డిజైన్‌లోనే. ఒక్కసారి ఇచ్చిన రోపివకైన్ ప్రభావం 24వ గంటకు చాలావరకు దిగిపోతుంది. 6, 12, 18, 24 గంటల్లో కొలవండి. బ్లాక్ దిగేటప్పుడు నొప్పి ఒక్కసారిగా పెరుగుతుంది, చాలామందిలో అది రాత్రిపూటే. నిద్రపోతున్న రోగికి 0 వేయకండి, 'నిద్ర' అని విడిగా రాయండి.

పీసీఏ బటన్ చేతిలో ఉంటే ఎవరైనా ఓర్చుకోగలిగే దాకా నొక్కుతూనే ఉంటారు. అందుకే స్కోర్లు కలిసిపోతాయి, తేడా పంపు మెమరీలో కనిపిస్తుంది. 24 గంటల మార్ఫిన్ మొత్తాన్ని తప్పక తీసుకోండి. నోటి మాత్రలు కూడా వాడితే, సిరలో 10 మి.గ్రా. నోటి ద్వారా 30 మి.గ్రా.కు సమానంగా లెక్కకట్టండి. స్పైనల్‌లో మార్ఫిన్ మాత్రం తీసేయాల్సిందే. మొదటి రోజు చాలావరకు అదే పనిచేస్తుంది, మీ బ్లాక్‌కు చూపించడానికి ఏమీ మిగలదు.

కదలకుండా ఉన్నప్పటి స్కోరు కంటే మోకాలు 45 డిగ్రీలు వంచినప్పటి స్కోరు ముఖ్యం. రోగిని లేచి నడవనివ్వనిది ఆ నొప్పే. ఇంకొకటి, మోకాలి వెనక నొప్పికి ఈ బ్లాక్ పెద్దగా అందదు. ముందా, వెనకా అని విడిగా అడగండి.

గణాంకాల_బల్ల:
30 మంది ఎక్కడి నుంచి వచ్చారు? ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు నుంచి ఎంత చెదిరి ఉంటాయో) 2, పట్టుకోవాల్సిన తేడా 1 పాయింట్ అనుకుంటే 80 శాతం పవర్‌కు (తేడా నిజంగా ఉంటే పట్టుకునే అవకాశం) గుంపుకు 63 మంది కావాలి. మధ్యలో తప్పుకునేవాళ్లకు 10 శాతం కలిపితే 70. 30 మందితో దాదాపు 1.5 పాయింట్ల తేడానే దొరుకుతుంది. అంతకంటే తక్కువ తేడా నిజంగా ఉన్నా 'తేడా లేదు' అని తేలిపోయే ప్రమాదం ఎక్కువ. ప్రధాన ఫలితం ఒక్కటే పెట్టి, మొదటి రోగి చేరకముందే రిజిస్టర్ చేయండి. డిజైన్ మారుతోంది కాబట్టి పైలట్ రోగులను ఇందులో కలపకూడదు.

పీజీ_అనస్థీషియా:
ధన్యవాదాలు సర్. సెలైన్‌తో బ్లాక్ చేయడానికి ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవడం లేదు. సర్జన్ కూడా కీలు చుట్టూ 0.2 శాతం రోపివకైన్ 100 మి.లీ. ఇస్తారు.

బ్లాక్_రూమ్:
కమిటీ అభ్యంతరం న్యాయమైనదే. సెలైన్ గుంపుకు బ్లాక్ చేయకుండా, అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెట్టి, చర్మం కింద 2 మి.లీ. సెలైన్ ఇచ్చి, అదే చోట అదే డ్రెస్సింగ్ వేయండి. సూది వేసినవాళ్లు స్కోరు అడగకూడదు. 24వ గంటలో 'మీరు ఏ గుంపు అనుకుంటున్నారు' అని రోగిని అడిగితే బ్లైండింగ్ (ఎవరిది ఏ గుంపో తెలియకుండా ఉంచడం) నిలిచిందో లేదో తెలుస్తుంది.

మోతాదు ఆపి చూడాల్సిన విషయం. సర్జన్ 200 మి.గ్రా., మీరు 40, మొత్తం 240. కిలోకు 3 మి.గ్రా. చొప్పున 60 కిలోల రోగికి హద్దు 180. సర్జన్ వాటా 60 మి.లీ.కు తగ్గిస్తే మొత్తం 160 అవుతుంది. సర్జన్ వాటా రెండు గుంపుల్లోనూ అంతే ఉండాలి. రోపివకైన్ రక్తంలో ఎక్కువైన గుర్తులుగా నోటి చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, నోట్లో లోహపు రుచి వస్తే మందు ఆపేసి సహాయం పిలవండి. మూర్ఛ వచ్చినా, గుండె లయ తప్పినా 20 శాతం లిపిడ్ (సిరలో ఇచ్చే కొవ్వు ద్రావణం) కిలోకు 1.5 మి.లీ., అంటే 60 కిలోలకు 90 మి.లీ., 2–3 నిమిషాల్లో ఇవ్వాలి. ఆ సీసా బ్లాక్ చేసే గదిలోనే ఉండాలి.