ఫోల్డర్ పేరు మార్చాక డేటాబేస్‌లో 'నో సచ్ టేబుల్' ఎర్రర్

ప్రశ్న (పలాస): మా జీడిపప్పు పరిశ్రమ లెక్కలు ఎస్‌క్యూలైట్ (డేటా మొత్తాన్ని ఒకే ఫైల్‌లో దాచే డేటాబేస్) ఫైల్‌లో ఉన్నాయి. ఫోల్డర్ పేరు 'గోదాము'ను 'గోదాము#2'గా మార్చి, పైథాన్ ప్రోగ్రాంలో పాత్ (ఫైల్ ఉన్న చోటు చిరునామా) కూడా సరిచేశాను. అప్పటి నుంచి 'నో సచ్ టేబుల్' (అలాంటి పట్టిక లేదు) అని వస్తోంది. డేటా పోయిందేమోనని ఆందోళనగా ఉంది.

జవాబు (విజయనగరం): డేటా ఎక్కడికీ పోలేదండీ. మీరు 'ఫైల్:'తో మొదలయ్యే యూఆర్ఐ (వెబ్ చిరునామా తరహాలో పాత్ రాసే) పద్ధతిలో తెరుస్తున్నట్లయితే, # తర్వాత ఉన్నదాన్నంతా ఎస్‌క్యూలైట్ వదిలేస్తుంది కాబట్టి, 'గోదాము' అనే కొత్త ఖాళీ ఫైల్‌ను సృష్టించి, అందులో టేబుల్ కోసం వెతికి, లేదని చెబుతుంది. ఆ ఫోల్డర్ పక్కనే సున్నా బైట్ల ఫైల్ ఉందేమో చూడండి.

జవాబు (ఆమదాలవలస): పాత్‌లో # బదులు %23 (యూఆర్ఐలో # గుర్తుకు వాడే కోడ్) అని రాసినా పనిచేస్తుంది కానీ, ఫోల్డర్ పేరు మార్చడమే మేలని నా అభిప్రాయం. ముందుగా ప్రోగ్రాంను మూసివేయండి. డేటాబేస్ పక్కన '-వాల్' అని ముగిసే ఫైల్ కనిపిస్తే దయచేసి తొలగించకండి; అసలు ఫైల్‌లోకి ఇంకా చేరని ఎంట్రీలు అందులో ఉండవచ్చు.

పలాస: సున్నా బైట్ల ఫైల్ ఉందండీ. 'గోదాము_2' అని మార్చగానే లెక్కలన్నీ కనిపించాయి. ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆ ఖాళీ ఫైల్‌ను తీసేయవచ్చా?

విజయనగరం: నిస్సందేహంగా తీసేయవచ్చు.