పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు శుభ్రంగా ఉన్నాయి, కలర్‌వే ఎర్రబడ్డాయి, ఎందుకండీ?

కోనసీమ కుర్రోడు:
అమలాపురంలో మా ఇంటి అటక దులుపుతుంటే తాతగారి ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా, ఓ బిస్కెట్ డబ్బా నిండా ఫోటోలు దొరికాయండి. 60ల నాటి బ్లాక్ అండ్ వైట్‌లో మామ్మ మెడలో కాసులపేరు కాసు కాసూ కనపడుతోంది. 80ల్లో మేనత్త పెళ్ళికి తీయించిన కలర్‌వేమో అంతా ఎరుపే, పందిరి మీద కొబ్బరాకులు కూడా గోధుమరంగులోకి తిరిగిపోయాయి. పాతవి నిలిచి కొత్తవి పోవడమేంటి? నెగెటివ్‌లు చూస్తే నారింజ రంగులో ఉన్నాయి, అవీ పోయినట్టేనా?

పాత స్టూడియో, రావులపాలెం:
నెగెటివ్‌ల గురించి టెన్షన్ వద్దు బాబూ, ఆ నారింజ రంగు కంపెనీవాళ్ళు పెట్టిందే, ప్రింటులో రంగులు సరిగ్గా రావడానికి. ఇక ఫోటోల సంగతి. బ్లాక్ అండ్ వైట్‌లో మీరు చూసే నలుపంతా వెండి రేణువులు, హైపోలో (ఫోటో చెరిగిపోకుండా నిలబెట్టే మందు) సరిగ్గా ఉంచి నీళ్ళలో బాగా కడిగితే తరాలు ఉంటుంది. కలర్‌లో అలా కాదు, నీలం, ఆకుపచ్చ, ఎరుపు వెలుగులకి విడివిడి పొరలుంటాయి, కడిగేటప్పుడు వాటిలో పసుపు, మెజెంటా (ముదురు గులాబీ లాంటిది), సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) రంగులు తయారవుతాయి, ఆ తర్వాత వెండిని బ్లీచ్ చేసి మొత్తం తీసేస్తారు. మిగిలేది ఉత్త రంగు. ఆనాటి చాలా కాగితాల్లో సయాన్ చీకట్లో ఉన్నా ముందు పోతుంది, అది పోతే మిగతా రెండూ కలిసి ఎరుపు. మన ఉక్కకి, తేమకి ఇంకా తొందరగా పోతుంది.

కాకినాడ మాస్టారు:
స్టూడియో గారూ, కలరంటే అన్నీ ఒకే గాటన కట్టకండి. 1935లో వచ్చిన కొడాక్రోమ్ అనే కొడాక్ వారి స్లైడ్ ఫిల్ములో చూడండి, రంగులు ఫిల్ములో ఉండవు, కడిగేటప్పుడు ల్యాబులో చేర్చేవారు, అందుకే చీకట్లో దాచిన 40ల నాటి స్లైడ్లు ఇప్పటికీ బాగుంటాయి. దాన్ని కనిపెట్టిన మ్యాన్స్, గొడౌస్కీ ఇద్దరూ వృత్తికి సంగీతకారులు! అంతకు ముందు 1907లో లూమియేర్ సోదరులు బంగాళాదుంప పిండి రేణువులకి రంగులద్ది గాజు పలక మీద పరిచి కలర్ ఫోటో తీయించారు. మన సంగతికొస్తే రాజమండ్రిలో దుర్గా సినీటోన్ అనే సినిమా స్టూడియో 1936లోనే పెట్టారు గానీ, పూర్తి రంగుల తెలుగు సినిమా కోసం 1963లో లవకుశ వచ్చేదాకా ఆగాల్సొచ్చింది. అది మొదలుపెట్టిన దర్శకుడు సి. పుల్లయ్య గారు మా కాకినాడ వారేనండోయ్.

కోనసీమ కుర్రోడు:
ఆయ్, బంగాళాదుంప సంగతి భలే ఉంది మాస్టారూ. మరి ఆ పెళ్ళి ఫోటోలకి దారేంటి? కెమెరా వాడచ్చా?

పాత స్టూడియో, రావులపాలెం:
ప్రింట్లు పక్కన పెట్టి నెగెటివ్‌లు స్కాన్ చేయించండి, వాటిలో రంగు చాలావరకు ఉండే ఉంటుంది. కెమెరాకి 120 రీలు పడుతుంది, పన్నెండు ఫోటోలొస్తాయి, ఆ రీలు ఇప్పటికీ దొరుకుతుంది. ముందు లెన్సుని వెలుగుకి పెట్టి బూజు పట్టిందేమో చూడండి. స్కానింగ్‌కి వెళ్తే నెగెటివ్ స్కానింగ్ అని గట్టిగా చెప్పండి, ప్రింటుని ఫోన్‌తో తీసి చేతిలో పెడితే మాత్రం డబ్బులివ్వకండి.